నెల తప్పి ఆరు రోజులు, కిట్‌లో రెండో గీత లేతగా వచ్చింది. ఇది గర్భమేనా?

మీరు అడిగింది ఇదీ: వయసు 24, పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు, ఊరు గుంటూరు దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఎప్పుడూ 28, 29 రోజులకు వచ్చే నెలసరి ఈసారి ఆరు రోజులు దాటినా రాలేదు. రొమ్ములు బరువుగా, ముట్టుకుంటే నొప్పిగా ఉన్నాయి. పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకోగానే వికారం, మధ్యాహ్నం ఆఫీసులో కళ్లు మూతలు పడుతున్నాయి. పొత్తికడుపులో మాత్రం నెలసరి ముందు వచ్చే నొప్పిలాంటిదే వస్తూ పోతూ ఉంది. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక కిట్ వాడితే రెండో గీత కనీకనిపించనట్టు వచ్చింది. రక్తపు చుక్కలేవీ కనబడలేదు. ఇవాళ వికారం లేదు, దాంతో భయం పట్టుకుంది. అత్తగారేమో మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దు, ఆసుపత్రికీ అప్పుడే వెళ్దాం అన్నారు. ఆసుపత్రికి మొదటిసారి వెళ్తే ఏం చేస్తారని కూడా అడిగారు.

సూటిగా చెప్తానమ్మా. చాలావరకు ఇది గర్భమే. తేదీ దాటాక వాడిన కిట్‌లో, చెప్పిన సమయంలోపు, రంగుతో గీత వస్తే అది లేతదైనా ముదురుదైనా ఒకటే లెక్క. రెండు మూడు రోజులు ఆగి, పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో మరోసారి చూసుకోండి. పొత్తికడుపు పట్టినట్టుండటం, ఒకరోజు వికారం ఉండి మర్నాడు లేకపోవడం మామూలే. ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం వెంటనే మొదలుపెట్టండి. ఆసుపత్రికి మూడో నెలదాకా ఆగుదామన్న మాట నేను ఒప్పుకోను, ఎందుకో కింద రాస్తాను.

నేను పశ్చిమ గోదావరి వైపు ప్రభుత్వాసుపత్రిలో, గర్భిణుల ఓపీలోనూ లేబర్ రూమ్‌లోనూ చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. మందు రాసేది, స్కాన్ చూసి చెప్పేది డాక్టరే. అయితే తొలిచూలు అమ్మాయిలు డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు బీపీ చూపించుకుంటూ, బరువు చూసుకుంటూ గొంతు తగ్గించి అడిగే సందేహాలన్నీ నా దగ్గరికే వచ్చేవి. మీరు అడిగినవి అవే.

ముందు లక్షణాల సంగతి. ఈ రోజుల్లో అందరూ ఫోన్‌లో చూసిన జాబితా మనసులో పెట్టుకుని వస్తారు. నాకు ఇది ఉంది, అది లేదు, కాబట్టి అవునా కాదా అని అడుగుతారు. అలా తేల్చలేం. అండం విడుదలయ్యాక, గర్భం వచ్చినా రాకపోయినా, అండాశయం ప్రొజెస్టరాన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. రొమ్ముల సలుపు, కడుపు ఉబ్బరం, ఒళ్లు బరువు, ఊరికే ఏడుపు రావడం చాలావరకు దాని పనే. గర్భం రాకపోతే రెండు వారాలకు ఆ హార్మోన్ పడిపోయి నెలసరి వస్తుంది. గర్భం వస్తే పడిపోదు, ఇంకా పెరుగుతుంది. అందుకని తేదీకి ముందు వారంలో ఒంట్లో కనబడే మార్పులను బట్టి గర్భమని గానీ కాదని గానీ చెప్పడం ఎవరి వల్లా కాదు. నాడి పట్టుకుని చెప్తామనే వాళ్ల మాట అసలే నమ్మకండి. తేదీ దాటడం, పరీక్ష. నమ్మాల్సినవి ఈ రెండే.

కొందరికి తేదీకి కాస్త ముందు గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో చుక్కలు కనబడతాయి. పిండం గర్భసంచి గోడకు అతుక్కునే రోజుల్లో ఇలా కావచ్చు. ప్యాడ్ తడిసేంత ఉండదు, ఒకట్రెండు రోజుల్లో ఆగిపోతుంది. చిక్కేమిటంటే దీన్నే 'ఈసారి తక్కువగా అయింది' అనుకుని నెలసరిగా రాసుకుంటారు. అప్పుడు లెక్క మొత్తం ఒక నెల వెనక్కు పోతుంది. మనం ఏడో నెల అనుకుంటున్నప్పుడు నిజానికి ఎనిమిదో నెల నడుస్తుంటుంది. మీ విషయంలో అలాంటి చుక్కలేవీ లేవన్నారు, మంచిదే. అవి అందరికీ రావు, రానివాళ్లే ఎక్కువ.

రొమ్ముల నొప్పి నెలసరి ముందు వచ్చేదయితే నెలసరి మొదలవగానే తగ్గిపోతుంది. ఇది తగ్గదు. కొన్ని వారాలు గడిచేకొద్దీ చనుమొనల చుట్టూ నలుపు ముదురుతుంది, దాని మీద చిన్న చిన్న బొడిపెలు తేలతాయి, చర్మం కింద నీలిరంగు నరాలు కనబడతాయి. బిగుతు బట్టలు మానేసి, వైరు లేని మెత్తటి కాటన్ బ్రా వేసుకుంటే సగం బాధ తగ్గుతుంది. రాత్రిపూట వేసుకున్నా తప్పేమీ లేదు.

ఇక నిద్ర. ఇది బద్ధకం కాదమ్మా. మీ ఒంట్లో రక్తం పెరగడం మొదలైంది, బిడ్డకు ఆహారం అందించే మాయ తయారవుతోంది, పైగా ప్రొజెస్టరాన్‌కే మత్తు కలిగించే గుణం ఉంది. మధ్యాహ్నం భోజనం విరామంలో పావుగంట తల వాల్చగలిగితే వాల్చండి. ఇంటికి వెళ్లాక వంట మీ ఆయన చేస్తే చాలా మేలు, ఎందుకంటే పొయ్యి దగ్గరి వాసనలే వేవిళ్లను ఎక్కువ చేస్తాయి. మూత్రానికి మాటిమాటికీ వెళ్లాల్సి రావడం కూడా మామూలే, కిడ్నీలకు రక్తం ఎక్కువగా వెళ్తుంది గనక. మంట గానీ, చలిజ్వరం గానీ ఉంటే మాత్రం అది ఇన్‌ఫెక్షన్, డాక్టర్‌కు చెప్పాలి. ఇవి కాక మలబద్ధకం, నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి, నోటినిండా ఉమ్మి ఊరడం ఉంటాయి. ఇబ్బందే గానీ ప్రమాదం కావు.

వాసనల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తిరగమోత వేస్తే కడుపులో తిప్పడం, కుక్కర్ మూత తీస్తే వచ్చే ఆవిరికి పరుగెత్తడం, నిన్నటిదాకా ఇష్టమైన అగరుబత్తి వాసన ఇవాళ పడకపోవడం, చాలామందిలో వాంతి కంటే ముందు కనబడేది ఇదే. మా ఓపీకి రొయ్యల ప్లాంటులో పనిచేసే ఒక అమ్మాయి వచ్చింది. ఎన్నో రోజులుగా ఆ పనే చేస్తోంది, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఉన్నట్టుండి ఆ వాసనకు గేటు దగ్గరే కక్కుకోవడం మొదలైంది. ఆ పిల్లకు నెలసరి ఎప్పుడూ సక్రమంగా రాదు, అందుకని నెల తప్పిందన్న ఆలోచనే రాలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ మాత్రలు తెచ్చుకుని వారాల తరబడి వాడింది. మా దగ్గరికి వచ్చేసరికి పది వారాలు దాటింది. అదృష్టం కొద్దీ ఆ మాత్రలు హాని చేసేవి కావు. పెళ్లయి, గర్భం రాకుండా ఏ జాగ్రత్తా తీసుకోని అమ్మాయికి గ్యాస్ అన్నా, నీరసం అన్నా, కళ్లు తిరుగుతున్నాయన్నా ముందు మూత్రపరీక్ష చేసుకోవడం, ఆ తర్వాతే మందు. ఎక్స్‌రే తీయించుకునేముందు కూడా ఇదే మాట.

పులుపు మీదకు మనసు పోవడం సహజం. చింతకాయ, ఉసిరికాయ, మామిడికాయ ముక్క కాస్త తింటే నష్టం లేదు, ఉప్పూ కారం మరీ దట్టించకండి చాలు. మట్టి, బలపాలు, గోడ సున్నం, పచ్చి బియ్యం తినాలనిపిస్తే మాత్రం దాచుకోవద్దు. బలపాల పెట్టె కొంగున కట్టుకుని తిరిగిన అమ్మాయిని చూశాను. నాలుక, కనురెప్పల లోపలి భాగం తెల్లగా పాలిపోయి ఉన్నాయి, హిమోగ్లోబిన్ 7 కూడా లేదు. ఇలాంటి కోరిక రక్తం తక్కువున్న వాళ్లలో తరచూ కనబడుతుంది. ఇంట్లోవాళ్లు 'కడుపుతో ఉన్నప్పుడు అంతేలే' అని వదిలేస్తారు. అలా వదిలేయకూడదు.

ఇప్పుడు మీ అసలు భయం. ఇవాళ వికారం లేదు కాబట్టి లోపల ఏదో అయిందేమో అని. ఈ ప్రశ్న అడగని తొలిచూలు అమ్మాయి నాకు కనబడలేదు. వికారం మామూలుగా ఐదో ఆరో వారంలో మొదలై, తొమ్మిదో వారం ప్రాంతంలో బాగా ఎక్కువై, మూడో నెల దాటాక తగ్గుతుంది. మీరింకా ఆ దారి మొదట్లోనే ఉన్నారు. మొదట్లో అది రోజూ ఒకేలా ఉండదు. పదిమందిలో ఏడెనిమిది మందికి ఏదో ఒక స్థాయిలో వికారమో వాంతులో ఉంటాయి, మిగతావాళ్లకు ఏమీ ఉండవు. వేవిళ్లే లేకుండా తొమ్మిది నెలలూ పనికి వెళ్లి, మూడు కిలోల బిడ్డను కన్నవాళ్లు ఎందరో. వాంతులు ఎక్కువైతే ఆడపిల్ల, తక్కువైతే మగపిల్లాడు అంటారు, దాన్ని పట్టుకుని కూర్చోకండి. లక్షణాలు ఎంత గట్టిగా ఉన్నాయన్నదాన్ని బట్టి బిడ్డ ఎలా ఉందో చెప్పలేం. రొమ్ములు నిన్నటంత నొప్పిగా ఉన్నాయా అని గంటకోసారి నొక్కి చూసుకోవడం ఆపేయండి, అలా నొక్కితేనే నొప్పి వస్తుంది.

కిట్ సంగతికి వద్దాం. మెడికల్ షాపులో దొరికే కిట్లకూ, ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చే నిశ్చయ్ కిట్‌కూ పనిచేసే పద్ధతి ఒకటే. పిండం గర్భసంచికి అతుక్కున్నాకే హెచ్‌సీజీ అనే హార్మోన్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది. మొదటి వారాల్లో అది రెండు మూడు రోజులకు దాదాపు రెట్టింపు అవుతుంది. అందుకే నిన్న లేతగా ఉన్న గీత మూడు రోజులకు ముదురుతుంది. మీరు సాయంత్రం చూశారు, ఆఫీసులో రోజంతా నీళ్లు తాగి ఉంటారు, మూత్రం పలచబడింది. గీత లేతగా రావడానికి అదొక్కటి చాలు. అండం నాలుగైదు రోజులు ఆలస్యంగా విడుదలైనా ఇలాగే ఉంటుంది.

చూసే పద్ధతి కూడా రాస్తాను, ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. శుభ్రమైన పొడి గిన్నెలో పొద్దుటి మూత్రం పట్టండి. కవర్ అప్పటికప్పుడే చింపి, కిట్‌ను బల్ల మీద సమంగా పెట్టి, డ్రాపర్‌తో రెండు మూడు చుక్కలు గుంటలో వేయండి. ఎన్ని చుక్కలో కవర్ మీద రాసి ఉంటుంది. లేత గులాబీ రంగు తడి కాగితం మీద మెల్లగా పాకుతుంది. 'సీ' అన్నచోట గీత రావాలి, రాకపోతే ఆ కిట్ పాడైనట్టే, ఫలితం లేదు. 'టీ' అన్నచోట కూడా అదే రంగులో గీత వస్తే గర్భం. ఐదు నిమిషాలకు చూసేసి పక్కన పడేయండి. అరగంటయ్యాక తీసి చూస్తే తడి ఆరిపోయి, రంగులేని బూడిద చార ఒకటి కనబడొచ్చు, అది లెక్కలోకి రాదు. దాన్నే ట్యూబ్‌లైట్ కిందికి తెచ్చి, అటూ ఇటూ వంచి, ఫొటో తీసి అక్కాచెల్లెళ్లకు పంపి, రాత్రంతా చర్చించుకుంటారు. చూడాల్సింది రెండే: సమయంలోపు వచ్చిందా, రంగు ఉందా.

మీలాంటి ప్రశ్నతో వచ్చి, కిట్‌లో ఒకే గీత చూసినవాళ్ల కోసం రెండు మాటలు. ఒకే గీత వచ్చి నెలసరి కూడా రాకపోతే వారం ఆగి మళ్లీ చూడండి. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య) ఉండి నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనివాళ్లు తేదీ కోసం ఎదురుచూడకుండా, భార్యాభర్తలు చివరిసారి కలిసిన 21 రోజుల తర్వాత చేసుకుంటే దాదాపుగా తేలిపోతుంది. అప్పటికీ తేలకపోతే రక్తంలో బీటా హెచ్‌సీజీ పరీక్ష ఉంది. మరొకటి, ఇది చాలా ముఖ్యం: నెలసరి ఆలస్యమైందని మెడికల్ షాపుకు వెళ్లి 'నెలసరి వచ్చే మాత్ర' అడిగి వేసుకోకండి. గర్భం ఉందో లేదో తెలియకుండా వేసుకునే మాత్ర అది. గర్భం పోవడానికి ఇచ్చే మాత్రలే చేతికిస్తే, అతుక్కోకూడని చోట గర్భం ఉంటే, ప్రాణం మీదికి వస్తుంది. అలా రక్తం పోతూ స్ట్రెచర్ మీద వచ్చిన వాళ్లను నేను చేతులతో ఎత్తి పడుకోబెట్టాను.

నెలల లెక్క చాలామందికి వింతగా ఉంటుంది. గర్భాన్ని లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి. ఆ లెక్కన మీకిప్పుడు ఐదు వారాలు. డాక్టర్ ఐదు వారాలు అంటే, 'మా ఆయన ఊరి నుంచి వచ్చి మూడు వారాలే కదా' అని బెంగపడే అమ్మాయిలు ఉంటారు. ఇందులో అనుమానించాల్సింది ఏమీ లేదు, లెక్క మొదలయ్యే చోటే అలా ఉంది. కాన్పు తేదీకి ఆ మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలపాలి. చివరి నెలసరి జనవరి 10న మొదలైతే అక్టోబర్ 17 అన్నమాట. సరిగ్గా ఆ రోజే పుట్టేవాళ్లు తక్కువ, అటూ ఇటూ రెండు వారాలు మామూలు.

ఇప్పుడు అత్తగారి మాట. మూడో నెల నిండేదాకా నలుగురికీ చెప్పకపోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే, నేను దాన్ని తప్పుపట్టను. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై మొదటి నెలల్లోనే పోతాయి, ఎక్కువగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల. అలా జరిగినప్పుడు ఊరందరికీ సమాధానం చెప్పుకోవాల్సిన బాధ లేకుండా పెద్దవాళ్లు అలా అనుకుని ఉంటారు. కానీ బంధువులకు చెప్పకపోవడం వేరు, డాక్టర్‌కు చూపించుకోకపోవడం వేరు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మీ లెక్కలో ఆరో వారానికల్లా మూసుకుపోతుంది. అది సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అసలు పెళ్లయి పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి, ఇప్పటిదాకా వేసుకోకపోతే ఈ రోజైనా మొదలుపెట్టాలి. మూడో నెల నిండాక ఆసుపత్రికి వెళ్తే ఆ మాత్ర అందాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మీ అత్తగారికి ఈ ఒక్క ముక్క నెమ్మదిగా చెప్పండి. ఆవిడ మీ మంచి కోరే అలా అన్నారు, విషయం తెలిస్తే ఆవిడే మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్తారు. నేను చూసిన అత్తల్లో చాలామంది అలాంటివాళ్లే. షాపుల్లో 5 మిల్లీగ్రాముల మాత్ర ఎక్కువగా కనబడుతుంది. ఇంత మోతాదు మూర్ఛ, షుగర్ ఉన్నవాళ్లకో, అంతకుముందు బిడ్డకు వెన్ను లోపం వచ్చినవాళ్లకో డాక్టర్ చూసి రాస్తారు, అందరికీ అక్కర్లేదు.

ఇప్పటికే ఏ మందులైనా వాడుతున్నారా అన్నది మీరు రాయలేదు. థైరాయిడ్, బీపీ, షుగర్, మూర్ఛ, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, వీటిలో ఏది ఉన్నా వారం కూడా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. ఐసోట్రెటినాయిన్ అయితే ఈ క్షణమే ఆపేయండి, అది బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది. మిగతావి మీ అంతట మీరు ఆపొద్దు. గర్భం అని తెలియగానే థైరాయిడ్ మాత్ర ఆపేసినవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. గర్భంలో దాని అవసరం పెరుగుతుంది గానీ తగ్గదు. తలనొప్పికో ఒళ్లు నొప్పులకో ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు మింగకండి, జ్వరానికి పారాసిటమాల్ చాలు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఏం చేస్తారు అని అడిగారు. బీపీ, బరువు, ఎత్తు చూస్తారు. రక్తంలో హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగర్, థైరాయిడ్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సిఫిలిస్. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్, షుగర్. హెచ్‌ఐవీ పరీక్ష అనగానే కంగారుపడకండి, గర్భిణులందరికీ చేస్తారు. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. మీ గ్రూపు నెగెటివ్ అయితే మీ ఆయన గ్రూపు కూడా తెలియాలి, పాత రిపోర్టు ఉంటే పట్టుకెళ్లండి. ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే టీడీ టీకా మొదటి డోసు అప్పుడే ఇస్తారు, రెండోది నాలుగు వారాలకు. ఐరన్ మాత్రలు సాధారణంగా నాలుగో నెల నుంచి. ప్రైవేటులో చూపించుకున్నా సరే, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకుని తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసుకోండి. నాలుగో నెల వచ్చాక ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్ పరీక్షలు ఉంటాయి, అప్పుడు ఆ కార్డు చేతిలో ఉంటే పని తేలిక.

స్కాన్‌కు తొందరపడకండి, నొప్పి గానీ రక్తం గానీ లేకపోతే. ఐదో వారంలో చేయిస్తే చిన్న సంచి తప్ప ఏమీ కనబడదు. 'గుండె కొట్టుకోవడం కనబడలేదు, రెండు వారాలాగి రండి' అంటారు. ఆ రెండు వారాలూ మీకు నిద్ర ఉండదు. ఏడెనిమిది వారాలప్పుడు చేయిస్తే గుండె చప్పుడూ తెలుస్తుంది, కాన్పు తేదీ లెక్కా సరిపోతుంది. యోని లోపలి నుంచి చేసే స్కాన్ అంటే భయపడతారు, దానివల్ల బిడ్డకేమీ కాదు, ఈ వారాల్లో అదే స్పష్టంగా కనబడుతుంది.

ఇంతవరకూ కంగారు పడొద్దన్నవే చెప్పాను. కంగారు పడాల్సినవి కూడా చెప్పాలి. కిట్‌లో గీత గర్భం ఉందని చెప్తుంది గానీ, ఎక్కడ ఉందో చెప్పదు. గర్భసంచిలో కాకుండా, అండం గర్భసంచికి వచ్చే ట్యూబులో అతుక్కున్నా రెండు గీతలే వస్తాయి. నూటికి ఒకటి రెండు గర్భాల్లో ఇలా అవుతుంది. పొత్తికడుపు మొత్తంలో నెలసరి నొప్పిలా పట్టి వదలడం మామూలు. ఒకే పక్క పొడిచినట్టు నొప్పి వచ్చి పెరుగుతూ పోవడం మామూలు కాదు. భుజం చివర నొప్పి, నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం, చెమటలు పట్టి పడిపోవడం ఉంటే అర్ధరాత్రి అయినా సరే 108కి ఫోన్ చేయాలి. ఒకావిడ భుజం నొప్పికి బామ్ రాసుకుని, కడుపులో గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగుతూ రోజంతా ఇంట్లోనే ఉంది. ట్యూబు పగిలి కడుపులోకి రక్తం పోతోంది, ఆ నొప్పే భుజంలో తెలిసింది. ఆపరేషన్ చేసి, రక్తం ఎక్కించి కాపాడగలిగాం, తర్వాత మరో బిడ్డను కూడా కన్నది. మీకు నొప్పి రెండు పక్కలా సమంగా ఉందా, ఒకవైపేనా అన్నది మీరు రాయలేదు. ఒకవైపే అయితే ఇవాళే వెళ్లండి.

రక్తం కనబడితే అన్నిసార్లూ గర్భం పోయినట్టు కాదు. మొదటి మూడు నెలల్లో నూటికి పాతికమంది దాకా కొంత రక్తం చూస్తారు, వాళ్లలో చాలామందికి గర్భం నిలుస్తుంది. కానీ చుక్కలైనా సరే ఆ రోజే చూపించుకోవాలి. ప్యాడ్ తడుస్తున్నా, గడ్డలు పడుతున్నా ఆగకూడదు. అలా జరిగి గర్భం పోతే బండి ఎక్కావనీ, బరువెత్తావనీ, బొప్పాయి తిన్నావనీ అమ్మాయినే అంటారు. ఆ మాటలు నన్ను చాలాసార్లు బాధపెట్టాయి. చాలావరకు అది ఎవరి తప్పూ కాదు.

వేవిళ్లకు ఇంట్లో చేసుకోగలిగినవి: మంచం దిగకముందే రెండు రస్కులో, గుప్పెడు మరమరాలో నమలండి, పావుగంట ఆగి లేవండి. కడుపు ఖాళీగా ఉంటే వికారం పెరుగుతుంది, అందుకని రెండేసి గంటలకు కొంచెం కొంచెం తినండి. అన్నంతో పాటే నీళ్లు గటగటా తాగకండి, మధ్యలో కొద్దికొద్దిగా తాగండి. వేడివేడి కూరల కంటే చల్లారిన చారన్నం, పెరుగన్నం వాసన తక్కువ గనక లోపల నిలుస్తాయి. నిమ్మకాయ వాసన చూడటం, చిన్న అల్లం ముక్క చప్పరించడం కొందరికి బాగా పనిచేస్తాయి. తగ్గకపోతే డాక్సిలమిన్, విటమిన్ బీ6 కలిసిన మాత్ర డాక్టర్ రాస్తారు, ఈ వారాల్లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. 'వేవిళ్లకు మాత్ర వేస్తే బిడ్డకు ప్రమాదం' అని ఓర్చుకుంటూ ఎండిపోయే పని లేదు. నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే, బరువు తగ్గుతూ ఉంటే సెలైన్ పెట్టించుకోవాల్సిందే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పండిన బొప్పాయి రెండు ముక్కలు తింటే ఏమీ కాదు, పాలు కారే పచ్చికాయ మాత్రం వద్దు. కాఫీ, టీలు రోజుకు రెండు చిన్న కప్పులు దాటకండి, అదీ భోజనమైన వెంటనే కాదు, తిన్నదాంట్లోని ఇనుము ఒంటికి పట్టదు. కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుట్టదు, ఆ డబ్బుతో గుడ్లు, ఆకుకూరలు, పప్పు తెచ్చుకోండి. బండి మీద ఆఫీసుకు వెళ్లొచ్చు, గుంతల దగ్గర నెమ్మదిగా. మంచం మీద పడుకుని ఉండాల్సిన అవసరం లేదు. రక్తం, నొప్పి లేకపోతే భార్యాభర్తలు కలవడానికీ అడ్డులేదు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలిస్తే మీ గదిలో కాల్చనివ్వకండి.

మూడు రోజులాగి పొద్దున పరీక్ష చేసుకుని గీత ఎలా వచ్చిందో ఇక్కడే రాయండి. దాంతోపాటు చివరి నెలసరి మొదలైన తేదీ, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, నొప్పి ఏ వైపు ఉందో కూడా రాస్తే స్కాన్‌కు ఏ వారంలో వెళ్లాలో తేదీ లెక్కగట్టి చెప్తాను. ఫోలిక్ యాసిడ్ మాత్రం దానికోసం ఆగొద్దమ్మా, ఈ రాత్రి భోజనమయ్యాకే ఒకటి వేసుకోండి.